వాలంటీరింగ్‌కి డబ్బు కట్టకు, అడ్మిషన్‌కి వాయిదా అడుగు

ప్రశ్న: అక్కా, మాది రాయగడ. నాన్నకి బజార్లో హార్డ్‌వేర్ కొట్టుంది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. బరంపురంలో ఎమ్మెస్సీ బోటనీ ఇంగ్లీషులో చదివాను. బ్రిటన్‌లో ఏడాది ఎన్విరాన్‌మెంటల్ పాలసీ కోర్సుకి అడ్మిషన్ వచ్చింది. అన్నీ కలిపి 35 లక్షల దాకా అవుతుందట. ఇల్లు తాకట్టు పెడతానంటున్నారు నాన్న. వైజాగ్ కన్సల్టెన్సీ వాళ్లేమో ప్రొఫైల్ బలపడాలంటే ముందు ఆఫ్రికాలో నాలుగు వారాలు వాలంటీరింగ్ చేసి రమ్మంటున్నారు, ప్యాకేజీ రెండు లక్షల చిల్లర. బ్రిటన్‌లో చేరాక ఐక్యరాజ్య సమితిలో ఇంటర్న్‌షిప్ దొరుకుతుందని, దాంతో అప్పు తీరిపోతుందని చెబుతున్నారు. ఈ ఏడు వెళ్లకపోతే అమ్మ సంబంధాలు చూడ్డం మొదలుపెడుతుంది. ఇంకో బెరుకు కూడా ఉంది. రాయగడ అనగానే ఎవరైనా నియమగిరి కొండ మీద గని గొడవ గురించే అడుగుతారు. నేను ఆదివాసీని కాను, బజారు వాళ్ల పిల్లని. అక్కడ నేనేం మాట్లాడను?

— ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: ముందు ఆ ప్యాకేజీ సంగతి తేల్చేద్దాం. అడ్వాన్సు కట్టమని ఈపాటికే ఫోన్ల మీద ఫోన్లు వస్తూ ఉంటాయి. కట్టకు.

అడ్మిషన్ నీ చేతికి వచ్చేసింది. ఇక ఆ బలమైన ప్రొఫైల్ ఎవరికి చూపించాలి? వీసా ఇచ్చేవాళ్లు నీ డబ్బు లెక్క చూస్తారు, ఇంగ్లీషు పరీక్ష మార్కులు చూస్తారు, నువ్వు నిజంగా చదువుకోడానికే వెళ్తున్నావా అని చూస్తారు. ఎక్కడ నాలుగు వారాలు మొక్కలు నాటావన్నది వాళ్లకి పట్టదు. స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూల్లో కూర్చునేవాళ్లయితే ఇలాంటి ప్యాకేజీలను ఇట్టే పసిగడతారు. భాష రాని ఊళ్లో నెల్లాళ్లుండి, ఫొటోలు దిగి, సర్టిఫికెట్ పట్టుకొచ్చిన పిల్లని ‘నీవల్ల అక్కడ ఏం మారింది?’ అని అడిగితే చాలు, చెప్పడానికేమీ ఉండదు. నీ పనితో నిజంగా అవసరం ఉన్నవాళ్లు కనీసం నీ తిండీ బసా చూసుకుంటారు. ఐక్యరాజ్య సమితి తరఫున ఊళ్లలోకెళ్లి పనిచేసే వాలంటీర్లకి నెలనెలా జీవన భత్యం ఇస్తారు. జర్మనీలో 27 ఏళ్ల లోపువాళ్లు ఏడాది పాటు పర్యావరణ సేవ చేసే పద్ధతి ఒకటుంది, అందులోనూ చేతి ఖర్చులకి డబ్బులు, బీమా ఇస్తారు. ఎదురు డబ్బు కట్టించుకునే చోట సేవ చేయించుకుంటున్నది నువ్వే. పైగా దానికి బిల్లు రెండు లక్షలు.

అలాగని వాలంటీరింగే దండగ అనడం లేదు. జర్మనీలో చదువుకునే రోజుల్లో నేను నేర్చుకున్నదాంట్లో సగం క్లాసు బయటే నేర్చుకున్నాను. అక్కడ చలి కాస్త తగ్గి వానలు పడే మార్చి రాత్రుల్లో కప్పలు అడవిలోంచి చెరువుకి బయల్దేరతాయి. మధ్యలో రోడ్డు. ఊరి పర్యావరణ సంఘం వాళ్లు రోడ్డు పక్కన మోకాలెత్తు తెర కట్టి, దాని వెంబడి భూమిలో బకెట్లు పాతి ఉంచుతారు. తెర దాటలేని కప్పలు అందులో పడతాయి. తెల్లారగానే వెళ్లి వాటిని రోడ్డుకి అవతల వదలాలి. చేతులు కొంకర్లు పోయే పని. ఎమ్మెస్సీ చదివి కప్పలు మోస్తున్నానని ఇంట్లో చెప్పలేదు కూడా! కానీ దాటించిన ప్రతి కప్పనీ పుస్తకంలో రాస్తారు. ఏళ్ల తరబడి ఆ పుస్తకాలు పోగుపడితే, రోడ్డు కింద కప్పలకి సొరంగం కట్టమని అడగడానికి అవే రుజువు. అధికారి, ఇంజనీరు, సంఘం పెద్దావిడ ఆ పుస్తకాన్ని మధ్యన పెట్టుకుని వాదించుకుంటుంటే, పాలసీ ఎక్కణ్నుంచి పుడుతుందో నాకు అప్పుడు తెలిసింది. మన గంజాం జిల్లాలో రుషికుల్య మొగ దగ్గర, దీపాల వెలుతురుకి దారి తప్పిన తాబేలు పిల్లల్ని బకెట్లకెత్తి సముద్రంలో వదిలే కుర్రాళ్లున్నారు. అదే పని. వాళ్లతో ఒక సీజన్ తిరగడానికి బరంపురం దాకా టిక్కెట్టు చాలు.

ఇక ఇంటర్న్‌షిప్. ఐక్యరాజ్య సమితి సచివాలయం ఇచ్చే ఇంటర్న్‌షిప్‌లకి జీతం లేదు. నైరోబీలో ఉండే పర్యావరణ విభాగం కూడా ఇందులోకే వస్తుంది. టిక్కెట్టు, గది, తిండి, బీమా అన్నీ నీవే. యూనిసెఫ్ లాంటి కొన్ని సంస్థలు స్టైపెండ్ ఇస్తాయి కానీ అది నెల గడవడానికే, అప్పు తీర్చడానికి కాదు. నాకు తెలిసిన బరంపురం అమ్మాయి ఒకతె జర్మనీలో చదువుతూ బాన్‌లో ఒక అంతర్జాతీయ కార్యాలయంలో ఇంటర్న్‌గా చేరింది. దేశాల మధ్య చర్చలు ఎలా నడుస్తాయో, ఒక్కో వాక్యం కోసం ఎన్ని రాత్రులు తెల్లారతాయో దగ్గరుండి చూసింది. ఆ అనుభవం మీదే ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, కాదనను. అయితే ఆ నెలల్లో శని, ఆదివారాలు బేకరీలో నిలబడి అద్దె కట్టుకుంది. జర్మనీలో విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచెయ్యొచ్చు గనక ఆమెకి అది కుదిరింది.

బ్రిటన్‌లో అంత వెసులుబాటు ఉండదు. అసలు అక్కడ మాస్టర్స్ వాళ్లకి వేసవి సెలవులంటూ లేవు. క్లాసులు అయిపోయినా డిసర్టేషన్ ఇచ్చేదాకా టర్మ్ నడుస్తున్నట్టే లెక్క. టర్మ్‌లో వారానికి 20 గంటలు మించి పనిచెయ్యకూడదు. బల్లార్షా నుంచి వెళ్లిన ఒక తెలుగమ్మాయి ఈ సంగతి తెలియక వేసవంతా ఫుల్‌టైమ్ ఇంటర్న్‌షిప్‌కి ఒప్పేసుకుంది. యూనివర్సిటీలో వీసాలు చూసేవాళ్లు హెచ్చరించబట్టి చేరేముందే మానుకుంది, లేకపోతే వీసాకే ఎసరొచ్చేది. ‘జీతం లేదు కదా, వాలంటీరే కదా’ అని సర్దుకోవడానికి కూడా లేదు. తీరిక ఉన్నప్పుడు ఏదో ధర్మ సంస్థకి చెయ్యి సాయం చెయ్యడం వేరు, ఫలానా గంటలు ఫలానా పని చేస్తానని ఒప్పందం రాసుకుని చెయ్యడం వేరు. రెండోది పైసా రాకపోయినా ఆ 20 గంటల్లోనే కలుస్తుంది. అమెరికాలోనూ ఇంచుమించు ఇంతే. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఊరికే చేస్తే దాన్ని వాలంటీరింగ్‌గా ఒప్పుకోరు. కన్సల్టెన్సీ వాళ్లు ఇవేవీ చెప్పరు. వాళ్ల కమీషన్ నువ్వు విమానం ఎక్కడంతో సరి.

చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోడానికి బ్రిటన్ ఇచ్చే గడువు ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకి 18 నెలలే. 35 లక్షల అప్పుకి పది శాతం వడ్డీ వేసుకున్నా, అసలు ముట్టకుండా వడ్డీయే నెలకి 29 వేల పైచిలుకు. అక్కడ ఉద్యోగం దొరక్క తిరిగొస్తే, మన వైపు స్వచ్ఛంద సంస్థల్లో మొదటి జీతం ఆ వడ్డీకే సరిపోతుంది. నాన్న తాకట్టు పెడతానంటున్నది మీరు ఉంటున్న ఇల్లే కదా. పర్యావరణ పాలసీ చదివి కంప్యూటర్ ఇంజనీర్ల జీతాలు తెచ్చుకున్నవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

పాలసీ చదివేవాళ్లు ఇంటర్న్‌షిప్ కోర్సులోనే ఉన్న చోటు వెతుక్కోవాలన్నది నా మాట. గుణుపురం కుర్రాడొకడు నెదర్లాండ్స్‌లో వాగెనింగెన్ యూనివర్సిటీలో చదివాడు. అక్కడ రెండేళ్ల కోర్సు, థీసిస్‌తో పాటు నెలల తరబడి ఇంటర్న్‌షిప్ కూడా మార్కుల్లో భాగమే. మామూలు ఉద్యోగమైతే ఆ దేశంలో విదేశీ విద్యార్థికి వారానికి 16 గంటలే, లేదంటే వేసవి మూడు నెలలు ఫుల్‌టైమ్. దానికీ యజమాని పర్మిట్ తేవాలి. చదువులో భాగమైన ఇంటర్న్‌షిప్‌కి ఆ పర్మిట్ గొడవ లేదు. వాడు ఒక నీటి బోర్డులో చేరాడు. ఆ దేశంలో కాలవలు, గట్లు, మురుగు నీరు చూసుకోడానికి ప్రత్యేకంగా ఎన్నికైన బోర్డులుంటాయి, వాటికి సొంతంగా పన్ను వేసే అధికారం ఉంటుంది, కొన్ని 13వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. మనవాడు వంశధార ఒడ్డున పుట్టినవాడు. ఆ నది గొడవ మీద ఒడిశాకీ ఆంధ్రకీ మధ్య 2010లో ట్రిబ్యునల్ వేస్తే తీర్పు 2017లో వచ్చింది. ఈ సంగతి చెబితే బోర్డు వాళ్లు ‘ఈ ఏడేళ్లూ రైతులు ఎవరిని అడిగేవారు?’ అన్నారట. దానికి జవాబు వెతకడమే వాడి థీసిస్ అయింది.

కాబట్టి నేను చెప్పేదేంటంటే, అడ్మిషన్ వదులుకోకు, వాయిదా అడుగు. రెండేళ్లు ఇక్కడే పనిచెయ్యి. ఇదేదో సహనం మీద ఉపదేశం కాదు, డబ్బు లెక్క. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్ ఫీజు, ఖర్చులు, విమానం టిక్కెట్టు అన్నీ భరిస్తుంది. దానికి డిగ్రీ తర్వాత రెండేళ్ల పని అనుభవం, అంటే 2,800 గంటలు, చూపించాలి. జీతం లేని పని కూడా ఆ లెక్కలోకి వస్తుంది. చదివాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు ఉంది, నీకది అడ్డమని నేననుకోను. దరఖాస్తులు మామూలుగా ఆగస్టులో తెరిచి అక్టోబరులో మూసేస్తారు. జర్మనీకి చెందిన డాడ్ సంస్థ అభివృద్ధి చదువులకిచ్చే ఎపోస్ స్కాలర్‌షిప్‌కి కూడా రెండేళ్ల అనుభవం కావాలి, ఆఖరి డిగ్రీ ఆరేళ్ల కంటే పాతది కాకూడదు. ఈ రెండు తలుపులూ ఇవాళ నీకు తెరుచుకోవు. రెండేళ్లాగితే తెరుచుకుంటాయి.

అనుభవం అడ్డురానిది యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్. నెలకి 1,400 యూరోలు, రెండేళ్ల దాకా. పర్యావరణ శాస్త్రం, పాలసీ కలిపి చెప్పే మెస్పామ్ అనే కోర్సు అందులో ఉంది, విద్యార్థులు దేశం నుంచి దేశానికి మారుతూ చదువుతారు. పోటీ గట్టిదే. అయినా పనిచేసుకుంటూనే ఏటా ఓ దరఖాస్తు పడెయ్. స్కాలర్‌షిప్ లేకుండా వెళ్లాల్సి వచ్చినా జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా చోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటివాళ్లకి సెమిస్టరుకి 1,500 యూరోలు. పర్యావరణ పాలసీకి పేరున్న ఫ్రైబుర్గ్ ఆ రాష్ట్రంలోనే ఉంది, చూసుకో. ఏడాది ఖర్చుకని 11,904 యూరోలు ముందే బ్లాక్ అకౌంట్లో వెయ్యాలి. పెద్ద మొత్తమే, కానీ అది నీ డబ్బే, నెలనెలా నీకే తిరిగొస్తుంది.

మీ చుట్టాలెవరో ‘తెలుగువాళ్లకి గవర్నమెంటు 20 లక్షలిస్తుంది’ అని చెప్పే ఉంటారు. అది తెలంగాణ వాళ్ల అంబేద్కర్ ఓవర్సీస్ విద్యా నిధి, తెలంగాణ నివాసులకే. ఆంధ్ర పథకాలూ అంతే. మనం ఇంట్లో ఏ భాష మాట్లాడుకున్నా రెసిడెంట్ సర్టిఫికెట్ రాయగడ తహసీల్ ఆఫీసుదే. పర్లాకిమిడి వాళ్లకీ ఇదే పాట, మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో. మీరు ఎస్సీ అయితే కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుండాలి. ఎస్టీలకి గిరిజన మంత్రిత్వ శాఖ వేరే ఇస్తుంది.

ఎక్కడ పనిచెయ్యాలంటావా? నీది బోటనీ. జయపురంలో ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ కేంద్రం ఉంది, దేశవాళీ వరి రకాల మీద, ఔషధ మొక్కల మీద పనిచేస్తుంది. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది, ఆ పనితో ముడిపడిన ఏ అనుభవమైనా విదేశంలో విడమరిచి చెప్పుకోనక్కర్లేదు. కాశీపూర్‌లో అగ్రగామీ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. నీళ్లు, పారిశుద్ధ్యం అయితే గంజాంలో గ్రామ్ వికాస్. ముందే రాసి అడుగు. ఖాళీలు లేవంటే వారానికి రెండు రోజులు ఊరికే వస్తానను. మిగతా రోజులు కొట్లో కూర్చో, నాన్నకి సాయం.

కొట్టు అన్నాను కదా, నీ ఆఖరి ప్రశ్న అక్కడికే వస్తుంది. అడిగినవన్నిట్లో తెలివైన ప్రశ్న అదే.

నియమగిరి గురించి అడుగుతారు, నిజమే. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, బాక్సైటు తవ్వకం దేవుడి కొండకి, అడవి హక్కులకి తగులుతుందో లేదో గ్రామసభలే చెప్పాలంది. రాయగడలో ఏడు, కలహండిలో అయిదు, మొత్తం 12 ఊళ్లలో జూలై, ఆగస్టుల్లో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. యూరప్ క్లాసుల్లో ప్రజల భాగస్వామ్యం అనగానే 1998 నాటి ఆర్హుస్ ఒప్పందం చెబుతారు. సమాచారం అడిగే హక్కు, విచారణలో మాట్లాడే హక్కు, కోర్టుకెళ్లే హక్కు అందులో ఉన్నాయి. చిన్న గూడెం సభ మాట మీద గని ఆగిపోవడమన్నది వాళ్లకి కొత్తగా ఉంటుంది. ఈ మాత్రం తేదీలు, తీర్పు, అటవీ హక్కుల చట్టం తెలుసుకుని చెప్పడానికి నువ్వు ఆ కొండ మీద ఉండే డోంగ్రియా కోంధువి కానక్కర్లేదు, రాయగడ మనిషివైతే చాలు.

వాళ్ల తరఫున మాత్రం మాట్లాడకు. చటికోన బుధవారం సంతలో తీసిన ఫొటో స్లైడు మీద పెట్టి ‘మా ఆదివాసులు’ అని మొదలుపెట్టేవాళ్లని చాలామందిని చూశాను, ఆ మనిషి పేరడిగితే తెల్లమొహం వేస్తారు. నువ్వు మాట్లాడాల్సింది వేరే ఉంది. ఏ పరిశోధన పత్రం తీసినా కంపెనీ ఉంటుంది, ప్రభుత్వం ఉంటుంది, ఆదివాసీ ఉంటాడు, ఓ స్వచ్ఛంద సంస్థ ఉంటుంది. బజారు ఉండదు. కాశీపూర్ వైపు అల్యూమినా ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో రాయగడలో ఎవరి అద్దెలు పెరిగాయి? లారీలు ఎవరు కొన్నారు? సిమెంటు, రేకులు, ఇనుము ఎవరు సప్లై చేశారు, ఎవరికి అప్పులు నిలిచిపోయాయి? 2000 డిసెంబరు 16న, ఆ ఫ్యాక్టరీకి ఎదురు తిరిగిన మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసులు చనిపోయినప్పుడు మన బజారు ఆ సాయంత్రం ఏం మాట్లాడుకుంది? షట్టర్లు దించారా, తెరిచారా? ఫ్యాక్టరీ రావాలని మనవాళ్లలో చాలామంది కోరుకున్నారు, అది దాచాల్సిన పని లేదు. ఈ ప్రశ్నలు లండన్ నుంచి వచ్చిన పరిశోధకుడు అడిగితే మీ నాన్న టీ ఇచ్చి పంపేస్తారు. నువ్వడిగితే చెబుతారు. ఇప్పుడే అడిగి, తేదీ వేసి రాసుకో. పక్క కొట్లవాళ్లనీ అడుగు, పేర్లు రాయకు.

ఎప్పుడూ నియమగిరే మాట్లాడాలని కూడా లేదు. అడవి నరికిన భూమిలో పండిన కాఫీని కొనబోమంటూ యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండినది కాదని, తోట ఎక్కడుందో కొలతలతో సహా చూపించాలి. అమలు వాయిదా పడుతూ వస్తోంది గానీ, ఎకరమో అరెకరమో కాఫీ వేసుకున్న కొరాపుట్ రైతు ఆ కాగితాలు ఎక్కడ తెస్తాడు? ఇంకోటి, దిగుమతి చేసుకునే అల్యూమినియం మీద అది వెదజల్లిన కర్బనానికి యూరప్ సరిహద్దు సుంకం పెట్టింది, అసలు అమలు దశ 2026తో మొదలైంది. మన జిల్లా అల్యూమినా వేరే చోట అల్యూమినియం అవుతుంది. అంటే బ్రస్సెల్స్‌లో రాసిన రూలు ఆ ఫ్యాక్టరీ ఉన్న దోరగుడ దాకా ఎలా నడిచొస్తుందన్నది ఒక మంచి థీసిస్. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో ‘చిన్నప్పటినుంచీ నాకు ప్రకృతి అంటే ఇష్టం’ అన్న వాక్యం కొట్టేసి ఇలాంటి ప్రశ్న ఒకటి రాయి.

అమ్మ విషయంలో నా దగ్గర మంత్రమేమీ లేదు. ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్లకి సంబంధాలు చూసినంత చురుగ్గా, జయపురంలో ఉద్యోగం చేస్తూ నెలకోసారి ఇంటికొచ్చే పిల్లకి చూడరన్నది మాత్రం మా ఇంట్లోనూ, చుట్టుపక్కలా గమనించాను. 35 లక్షల అప్పు మీద ఇల్లు ఉండగా వచ్చే సంబంధాలు ఎలా ఉంటాయో కూడా అమ్మతో నిదానంగా మాట్లాడు. మజ్జిగౌరమ్మకి మొక్కుకుంటానంటే మొక్కుకోనీ, వద్దనకు.

ఈ వారం చెయ్యాల్సింది యూనివర్సిటీకి ఒక మెయిల్. పని అనుభవం కోసం చేరికని వాయిదా వేసుకుంటానని రెండు వాక్యాలు రాస్తే చాలు, కారణాలు వల్లించక్కర్లేదు. మామూలుగా ఏడాదికి మించి ఇవ్వరు. ఏడాదే ఇచ్చినా తీసుకో. ఆ తర్వాత చీవెనింగ్‌కి పెట్టేటప్పుడు ఎలాగూ మూడు కోర్సులు ఎంచుకోమంటారు, అందులో ఇదొకటిగా రాయొచ్చు. డిపాజిట్ ఇంకా కట్టకపోతే కట్టకు, కట్టేసి ఉంటే తిరిగిస్తారో, వచ్చే ఏటికి జమ చేస్తారో అదే మెయిల్లో అడుగు. కన్సల్టెన్సీ ద్వారా పంపకు, నీ సొంత మెయిల్ నుంచి పంపు. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష మార్కులు రెండేళ్లే చెల్లుతాయి, కాబట్టి నీ పరీక్ష తేదీ చూసుకుని, మళ్లీ రాయాల్సి వస్తే దానికయ్యే డబ్బు మొదటి జీతాల్లోంచి తీసి పక్కన పెట్టు.